కసుబా నాలుగింటికి ఆడుతుంది

పొద్దున్నే లేచి పిండి కలపాలి. కుంపటి రాజేసి, విటుంబువా ఉండలు నూనెలో వేయించి, బేసిన్ నిండా నింపుకుని స్కూలు గేటు దగ్గర కూర్చోవాలి. పదకొండింటికి బేసిన్ ఖాళీ. తర్వాత నీళ్ళు, బట్టలు, వంట. సాయంత్రం నాలుగు కొట్టేసరికి బనా కసుబా చేతిలో ఏ పనున్నా వదిలేసి, నడుముకి చుట్టుకున్న చితెంగె అంచుకి చేతులు తుడుచుకుని, గుమ్మంలో కూర్చుని ఫోను తెరిచేది.

తెరమీద కూతురు కసుబా పేరు పక్కన పచ్చచుక్క వెలిగేది.

కసుబా పోయి అప్పటికి మూడేళ్ళు.

"వచ్చిందా?" కంచె అవతలనుంచి బనా ముటాలె అడిగేది.

"వచ్చింది."

"ఎలా ఆడుతోంది?"

"మూడో ఎత్తుకే మంత్రిని బయటికి తెచ్చేసింది."

"ఎన్నిసార్లు చెప్పావే దానికి. వింటేగా." బనా ముటాలె ఆరేసిన దుప్పటి దులిపేది. "నిన్న మా అల్లుడికి తగిలిందట. నలభై సెకన్లలో ఆట కట్టేసిందట. పోనీ ఒక పలకరింపు లేదు. ఉన్నప్పుడూ అంతేగా, ఆట మధ్యలో దేవుడొచ్చినా తలెత్తేది కాదు."

కిట్వెలో తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు, బనా కసుబా అంటే కసుబా వాళ్ళమ్మ. బిడ్డ పోయినా ఆ పిలుపు పోదు. ముసొండా అనే తన సొంత పేరు ఆమె అన్న లోంబె నోట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

మూడు నిమిషాల చదరంగం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గడియారం అయిపోతే ఓడినట్టే. కసుబా రోజూ నాలుగు నుంచి ఐదు దాకా ఎవరెవరితోనో ఆడేది. తల్లితో మాత్రం కుదిరేది కాదు. ఊళ్ళో మగపిల్లలు ఆట వంకతో కబుర్లు పంపుతున్నారని బతికున్నప్పుడే కసుబా సవాళ్ళు, మాటలు రెండూ రాకుండా మూసేసింది. ఆ తాళాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇక ఒకటే దారి. ఆట తనంతట తానే ఇద్దర్నీ జత కలపాలి. ఆట సమ ఉజ్జీల్నే కలుపుతుంది, రేటింగుల మధ్య తేడా నూరు దాటకూడదు. కసుబా గెలుస్తూ ఓడుతూ 2214 దగ్గరే ఉంది. మూడేళ్ళుగా అక్కడే ఉంది. తల్లి మొదలుపెట్టినప్పుడు 1820.

ఆమెకి ఆట రాక కాదు. కసుబాకి ఎత్తులు నేర్పింది ఆమే. పెళ్ళికి ముందు ఈ చుట్టుపక్కల గనుల ఊళ్ళలో ఆమె బల్లకి ఎదురు కూర్చోవడానికి మగాళ్ళు జంకేవాళ్ళు. కానీ ఆ రోజుల్లో ఒక ఆటకి రెండు గంటలుండేవి. ఆమె చెయ్యి నిదానం. "అమ్మ ఈ ఎత్తు వేసేలోపు ఈస్టర్ వచ్చి పోతుంది" అనేది కసుబా.

మంగలి బా సియామె దగ్గరికి ఆమె వెళ్ళింది అందుకే. ఆయన షాపులో కుర్చీలు మూడు. ఒకటి గడ్డాలకి, రెండు చదరంగానికి. సగం గడ్డంతో కూర్చున్నవాడు కూడా ఆట అయ్యేదాకా నోరెత్తడు.

మొదటి రోజు ఆమె ఆట చూసి ఆయన కత్తి కింద పెట్టాడు.

"బనా కసుబా, మీరు ఆలోచిస్తుంటే నేను గీసిన గడ్డం మళ్ళీ మొలుస్తోంది."

కుర్చీలో ఉన్నవాడు నురగలోంచే నవ్వాడు.

"మీకు తెలియనిది ఏమీ లేదు," అన్నాడు సియామె. "తెలిసినదాన్నే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఇంట్లో ఉబ్వాలి పిండిముద్ద ఎవరు కెలుకుతారు?"

"నేనే."

"కెలకడం ఆపితే?"

"ఉండలు కడుతుంది."

"రేపట్నుంచి ఎడంచేత్తో కెలకండి. కుడిచేత్తో ఆడండి."

ఏడాది పాటు ఆమె ఉండలు కట్టిన ఉబ్వాలి తింది. రెండో ఏడు ముద్ద నున్నబడింది. రేటింగు 1980 దాటింది. వరసగా రెండాటలు ఓడితే ఫోను మూసెయ్యమన్నాడు సియామె, మూసేసింది. పొద్దున విటుంబువా అమ్ముకుంటూ నిన్న ఓడిన ఆటల్ని ఒక్కొక్కటే తిరగేసేది. ఎక్కడ చెయ్యి ఆగిందో చూసేది. ఎత్తు తప్పయిన చోటు కంటే చెయ్యి ఆగిన చోటే ఎక్కువ నష్టమని తెలిసింది. ఎదుటివాళ్ళ రేటింగు చూసి బెదురుతోందని సియామె ఆమె ఫోను తెరమీద, పేర్లు కనబడే చోట, గాయాలకి వేసే ప్లాస్టర్ పట్టీ అంటించాడు.

"బోర్డు చూడండి. గడియారం చూడండి. అవతల ఎవరున్నారో మీకు అనవసరం."

"నాకు అదే కావాలి బా సియామె."

ఆయన కాసేపు కత్తి నూరాడు. "ఆవిడ అయితే మీకు తెలుస్తుంది."

ఆ ఫిబ్రవరిలో లోంబె వచ్చాడు. చెల్లెలి ఇల్లు చూశాడు, చెల్లెల్ని చూశాడు. కపుటాలో తన ఇంటి పక్కన గది వేయించానన్నాడు. ఒంటరిగా ఎన్నాళ్ళు ఉంటావన్నాడు. ఆమె సరేనంది. మార్చి ఆఖరి శనివారం లారీ తెస్తానన్నాడు.

"అక్కడ ఫోనుకి సిగ్నల్ ఉంటుందా అన్నయ్యా?"

"ఎక్కడిది. చెరువు దాకా నడిస్తే ఒక్కోసారి ఒక గీత వస్తుంది." అని, చెల్లెలి ఫోను వంక చూసి, "కసుబా కోసమా?" అన్నాడు.

"ఊఁ."

అయినా ఆమె ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండిపోయింది.

ఆ ఐదు వారాలూ ఆమె ఆట చూడ్డానికి షాపులో జనం నిలబడేవాళ్ళు. 2060. 2085. ఒకరోజు సియామె మాట వినకుండా వరసగా ఆరు ఓడి 2041. గురువారానికి 2108. ఇంకా ఆరు కావాలి.

శుక్రవారం సియామె ఆమెని కూర్చోబెట్టి కసుబా ఆటలు వరసగా చూపించాడు.

"ఇదిగో, చూడండి. ఆఖరి పది సెకన్లలో మీ అమ్మాయి ప్రీమూవ్ వేస్తుంది."

అవతలివాళ్ళు ఎత్తు వెయ్యకముందే తనది వేసిపెట్టుకోవడం అది. వాళ్ళు ఏది కదిపినా ఇది తనంతట తానే కదిలిపోతుంది. క్షణం ఖర్చవదు; చూసుకోవడానికి వీలూ ఉండదు.

"మంత్రితో ఇటొక చెక్, అటొక చెక్. చూడదు. పంపేస్తుంది. మీ రాజుని ఆ గడి పక్కన పెట్టుకుని కూర్చోండి. మంత్రి వచ్చి ఒళ్ళో పడుతుంది."

"అది నా కూతురు."

"ఆడుతున్నప్పుడు కాదు. మీరు వదిలేస్తే ఆవిడకి తెలిసిపోతుంది."

కసుబాకి ఏడేళ్ళప్పుడు ఆమె ఒకసారి గెలిచే ఆటని వదిలేసింది. కసుబా బోర్డు వంక చూసింది, తల్లి వంక చూసింది, తెల్ల మంత్రిని తీసి ఉడుకుతున్న చిక్కుడు గింజల గిన్నెలో పడేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ మంత్రి ఇప్పటికీ గోధుమరంగులోనే ఉంది.

శనివారం మూడింటికి లారీ వచ్చింది. మంచం, పరుపు, బేసిన్, రెండు పెట్టెలు ఎక్కించారు. లోంబెకీ డ్రైవరుకీ ప్రయాణానికి ముందు ఏదైనా పెట్టాలని కుంపటి మాత్రం ఉంచేసి, దానిమీద చిక్కుడు గింజల గిన్నె పెట్టింది. ఎక్కించకుండా మిగిలిన పెట్టెమీద కూర్చుని మూడున్నరకి ఒక ఆట ఆడింది. చెయ్యి ఆగలేదు. గెలిచింది. 2115.

నాలుగయింది. పచ్చచుక్క వెలిగింది.

ఆమె జత అడిగింది. ఎవరో దొరికారు. ప్లాస్టర్ కింద పేరు కనబడదు. తెల్లపావులు ఆమెవి. బంటు జరిపింది. బదులు బంటు వచ్చింది. గుర్రం జరిపింది. మరో బంటు వచ్చింది. మూడో ఎత్తుకి నల్ల మంత్రి బయటికొచ్చేసింది.

ఆమె ప్లాస్టర్ తీసి చూడలేదు.

చాలాకాలానికి ఆమె చెయ్యి మళ్ళీ ఆగింది. మూడు నిమిషాల్లో ఇరవై సెకన్లు ఊరికే బోర్డుని చూస్తూ కూర్చుంది.

కసుబా ఎన్డోలా బస్సెక్కిన పొద్దున, బస్సుకి ఇంకా టైముంది. "అమ్మా, ఒక్క ఆట. మూడు నిమిషాలు" అంది. గింజలు మాడతాయి, సాయంత్రం వచ్చాక ఆడదాం, అంది ఆమె. ఆ సాయంత్రం కసుబా రాలేదు. ఆ రోజు గింజలు మాడలేదు.

ఆమె శకటుని జరిపింది. అప్పట్నుంచి ఇద్దరూ ఆగలేదు. కసుబా ఎప్పటిలాగే ఆడింది. గుర్రాన్ని వదిలి దాడికొచ్చేది, బంట్లని పట్టించుకునేది కాదు, బెదిరించి నవ్వేదానిలా మంత్రిని అంచులమ్మట తిప్పేది. తల్లికి ప్రతి ఎత్తూ వేసే ముందే తెలుస్తోంది. తెలిసినా గడియారం తరుగుతోంది. నిమిషం. నలభై. పదిహేను.

"ముసొండా," బయటనుంచి లోంబె. "డ్రైవరు చీకటి పడకముందే సగం దారి పోదామంటున్నాడు."

"మూడు నిమిషాలు అన్నయ్యా."

తొమ్మిది సెకన్లు. కసుబాకి ఏడు. ఆమెకి మిగిలినవి ఒక ఏనుగు, ఒక రాజు, రెండు బంట్లు. నల్ల మంత్రి చెక్ ఇచ్చింది, ఇటు. రాజు జరిగాడు. చెక్ ఇచ్చింది, అటు. రాజు వెనక్కొచ్చాడు. మళ్ళీ ఇటు. ఎత్తుకీ ఎత్తుకీ మధ్య రెప్పపాటు కూడా లేదు. అవతలి పిల్ల చూడ్డం మానేసింది.

ఆమె రాజుని ఈసారి వెనక్కి తీసుకురాలేదు. పక్క గడిలో పెట్టింది.

మంత్రి వచ్చింది. చిన్నప్పుడు వంట దగ్గరకొచ్చి మోచేతికి ఆనుకుని నిలబడ్డట్టు, రాజు పక్కన, ఒంటరిగా, వెనక కాపు లేకుండా వచ్చి నిలబడింది.

ఆమెకి నాలుగు సెకన్లున్నాయి. మూడు.

రాజుతో మంత్రిని తీసేసింది.

బోర్డు కదల్లేదు. కసుబా గడియారం ఒక సెకను దగ్గర ఆగిపోయింది. ఓటమి ఒప్పుకున్నట్టు తెర చెప్పింది. బనా కసుబా ఫోను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుంది. ఓడితే కసుబా ఏం చేస్తుందో ఊరందరికీ తెలుసు. మళ్ళీ ఆడదామని ఎవర్నీ అడగదు. ఫోను మూసేసి బయటికెళ్ళిపోతుంది. ఓడిన ఆటకి రెండో ఆట అడగని మనిషి తన షాపులో ఇదొక్కతే అనేవాడు సియామె. ఆమె పచ్చచుక్క ఆరిపోవడం కోసం చూసింది. ఇక లారీ ఎక్కవచ్చు అనుకుంది.

ఒళ్ళో ఫోను చిన్నగా అదిరింది.

మళ్ళీ ఆడదామా, అని తెరమీద అక్షరాలు వెలుగుతున్నాయి.

ఆమె నొక్కింది.

రెండో ఆటలో ఓడిపోయింది. ఫోను అదిరింది. మూడో ఆటలో గెలిచింది. మళ్ళీ అదిరింది. బయట లారీ ఒకసారి హారన్ కొట్టింది. లోంబె డ్రైవరుతో ఏదో అన్నాక మళ్ళీ కొట్టలేదు. నాలుగో ఆట మధ్యలో బనా ముటాలె కంచె తడిక తోసుకుని వచ్చింది. ఇల్లంతా పొగ. చితెంగె కొంగుతో గిన్నె పట్టుకుని కుంపటి మీంచి దించింది. గింజలు అడుగంటి బొగ్గయ్యాయి.

"ఎవరితో?" అంది, గిన్నెలోకి చూస్తూ.

"కసుబాతో."

"ఎలా ఉందట?"

"ఓడింది. కోపంగా ఉంది." బనా కసుబా తలెత్తలేదు. "మంత్రిని మళ్ళీ మూడో ఎత్తుకే తెచ్చింది."

బనా ముటాలె గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టి, తన ఇంటికెళ్ళి వేరే గింజలు కడిగి తెచ్చి, కుంపటి ముందు కూర్చుని విసురుతూ ఉండిపోయింది. ఐదు దాటింది. పచ్చచుక్క ఆరలేదు.

గుమ్మంలో నిలబడి చెల్లెలి కుడిచెయ్యి కాసేపు చూశాడు లోంబె. తర్వాత లారీ దగ్గరికి వెళ్ళి, ముందు పరుపుకి కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాడు.