హేమావతి వడపోత

నేను ఒక డయాలసిస్ వడపోత గొట్టాన్ని. పాడైపోయిన మూత్రపిండం చేసే పనికి ఇంజనీర్లు నన్ను పుట్టించారు. నా లోపల వెంట్రుకల్లాంటి వేల గొట్టాలున్నాయి. వాటిలోంచి రక్తం పోతుంటే మలినాలు బయటికి జారిపోతాయి.

ఉద్దానంలోని ఆసుపత్రిలో నాకు ‘దున్న హేమావతి’ అని ఒక రోగి పేరు అంటించారు. నన్ను కడిగి మళ్లీ ఆమెకే వాడతారు, మరొకరికి వాడరు. మనుషులు పెళ్లిలో కూడా ఇంత కచ్చితంగా ఉండరు.

ఆమె జీడిపిక్కలు ఒలిచే మనిషి. మూత్రపిండాలు పాడైనవాళ్లు నీళ్లు కొలిచి తాగాలి, ఎక్కువ తాగితే ఒంట్లోనే నిలిచి బరువు పెరుగుతారు. వచ్చిన ప్రతిసారీ టెక్నీషియన్ సన్యాసిరావు ఆమె బరువు చూసి నవ్వేవాడు.

“ఏటప్పా, సెరువు తాగీసొచ్చినావా?”

“నోరు తడుపుకున్నాను, అంతే బావూ.”

“తడుపుకున్న నోరు ఇంత బరువా!”

ఆ అబద్ధాన్ని ఆమె రక్తంలోంచి నేనే తోడేవాణ్ణి. దాహమంటే ఏమిటో నాకు తెలియదు. దాన్ని దాచుకునే సిగ్గు మాత్రం తెలిసింది.

“కొబ్బరినీళ్లు ముట్టుకోకు, మీలాంటోళ్లకి గుండాగిపోద్ది” అని అతను మరీ మరీ చెప్పేవాడు. ఆమె తలూపేది. కొబ్బరిచెట్లెక్కే ఆమె భర్త జోగారావును లోపలికి రానిచ్చేవారు కాదు. ఆ మాట అతని దాకా చేరలేదు.

ఒక డయాలసిస్ వంతుకు ఆమె రాలేదు. తర్వాతి వంతుకూ రాలేదు. సన్యాసిరావు నన్ను పారేయకుండా ఉంచాడు.

దినాలయ్యాక జోగారావు ఒక్కడే గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“ఎల్లిపోనాది బావూ. నాలిక పిడసకట్టీసిందని ఏడిసింది. నీళ్లొద్దన్నారు గదా అని లేత బొండాలు కొట్టిచ్చినాను. వద్దననేదు. తాగి నా సెయ్యట్టుకున్నాది. నాను గాని తప్పు సేసీసినానా?”

కొబ్బరినీళ్ల సంగతి ఆమెకు తెలుసు. దాహంతో తాగిందో, నాతో విసిగి తాగిందో, చెట్టెక్కి తెచ్చిన మనిషిని కాదనలేక తాగిందో! నా దగ్గరికి రాని రక్తం గురించి నేనేం చెప్పగలను?

సన్యాసిరావు నా మీది పేరు పీకి, నన్ను గుమ్మం పక్కనున్న మూతలేని ఎర్ర డబ్బాలో వేశాడు. జోగారావు కళ్లలోకి చూడకుండా, “నేదు మావా. దానికీ దీనికీ సంబంధం నేదు” అన్నాడు.

జోగారావు ముఖం తేటపడింది.

“అయితే మంచిదే. దాని పేరున బొండాల గెల తెచ్చినాను. వంతు కోసరం వరండాలో కూకున్నోళ్లు పాపం నోరెండిపోయున్నారు, కొట్టిచ్చీసినాను.”

సన్యాసిరావు పరుగెత్తాడు. తెరిచిన తలుపులోంచి నాకు కనబడింది. ఒక ముసలాయన పెదాల దగ్గర్నుంచి బొండాం లాగి నేలకు కొట్టాడు. నీళ్లు జోగారావు పాదాల దాకా పారాయి.

జోగారావు ఆ నీళ్లను చూశాడు. పామును చూసినట్టు పాదాలు వెనక్కి తీసుకున్నాడు.