వెంట్రుకవాసి తక్కువ

నేను ఒక ఇత్తడి చక్రాన్ని. బొటనవేలి గోరంత ఉంటాను. ఉండాల్సినదానికన్నా వెంట్రుకవాసి తక్కువగా పుట్టాను. ఆ వెంట్రుకవాసి గురించే చెప్తాను.

పుట్టింది బిట్రగుంట లోకోషెడ్డులో, బొగ్గు ఇంజన్ల కాలంలో. అక్కడి రైల్వేవాళ్ళ క్లబ్బుని ఇన్‌స్టిట్యూట్ అనేవారు. అందులో రికార్డులు పాడించే మిషను ఉండేది. శనివారం శనివారం డ్రైవర్ల కుటుంబాలు రాక్ పాటలు పెట్టుకుని డాన్సు చేసేవారు. ఒకసారి మోటారు ఇరుసుకుండే చక్రం పగిలింది. రికార్డు పెట్టే పళ్ళేన్ని తిప్పే రబ్బరు బెల్టు ఆ చక్రం మీదే నడవాలి. ఫిట్టరు యోనాని పిలిచారు. యోనా మాట తక్కువ మనిషి. పాత బేరింగు ముక్క ఒకటి తీసుకుని, లేతు మిషను మీద నన్ను కోశాడు. ఇంజన్ల దగ్గర ఎప్పుడూ తప్పని కొలత నా దగ్గర తప్పింది.

చక్రం చిన్నదైతే పళ్ళెం నెమ్మదిగా తిరుగుతుంది. ఆ శనివారం పాటలన్నీ కాస్త కిందికి దిగి, బరువుగా నడిచాయి. డ్రైవరుగారమ్మాయి ఫ్లోరా అందరిముందూ అనేసింది.

"ఈ చక్రం నిద్దరపోతా తిరుగుతుండాది. కోసినోడికి కొలత రాదా?"

అందరూ నవ్వారు. యోనా తల దించుకుని నన్ను ఊడదీయబోయాడు. అప్పటికే ఫ్లోరా పాటతో గొంతు కలిపి చూసుకుంది. అంతకుముందు పాట పైకి పోయేచోట ఆమె గొంతు అందేది కాదు. ఇప్పుడు అందింది.

"తియ్యబాక," అంది. "ఇట్టే ఉండనీ."

రెండేళ్ళు ఆమె పాడింది. యోనా గోడకానుకుని విన్నాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నారు. ఇన్‌స్టిట్యూట్‌కి కొత్త మిషను వచ్చినప్పుడు ఫ్లోరా ఎవర్నీ అడక్కుండా నన్ను తీసుకెళ్ళి గుండీల డబ్బాలో వేసుకుంది. మనుషులు సరైన వస్తువుల్ని వాడి పారేస్తారు. తప్పు వస్తువుల్ని మాత్రం దాచుకుంటారు. ఎందుకో నాకు తెలియదు. ఆ డబ్బాలో యాభై ఏళ్ళున్నాను. గుండీలు వచ్చేవి, పోయేవి. నేను తిరగలేదు. తిరగడానికి పుట్టినదానికి అది చాలా కాలం.

ఫ్లోరా ముందు కూరలో ఉప్పు మరిచింది. తర్వాత వీధి మరిచింది. పోయినేడు యోనాని మరిచింది. ఎదురుగా కూర్చున్న భర్తని, "ఎవరి కోసం వచ్చారండీ?" అని మర్యాదగా అడిగేది.

కూతురు సుగుణ మద్రాసు నుంచి ఖరీదైన మిషను తెచ్చింది. ట్రంకు పెట్టెలోంచి అప్పట్లో అమ్మ గొంతు కలిపిన పాట రికార్డు తీసి పెట్టింది. ఫ్లోరా కాసేపు విని చెవులు మూసుకుంది. "ఇది కాదు," అంది. ఆ పాట కూడా పోయిందని సుగుణ ఏడ్చింది. యోనా మూడు రోజులు ఆ మిషను ముందే కూర్చుని విన్నాడు. నాలుగోరోజు గుండీల డబ్బా తెరిచాడు.

సుగుణ తెచ్చిన మిషనులో మోటారే పళ్ళేన్ని తిప్పుతుంది. నాకు చోటు లేదు. అందుకని నన్ను జేబులో వేసుకుని, రికార్డు చంకన పెట్టుకుని నెల్లూరు బండెక్కాడు. మస్తాన్ పాత రేడియోల కొట్లో నాలుగు మిషన్లున్నాయి. ఒకదానికి రికార్డు మీద ఆనే చెయ్యి మరీ బరువు, ముల్లు రికార్డుని దున్నేసేలా ఉంది. ఇంకోదానిలో రబ్బరు చక్రం పళ్ళేన్ని ఒరుసుకుంటూ తిప్పుతోంది, బెల్టు లేదు. మూడోదాని మోటారు గురక పెట్టింది. యోనా ధర అడగడు, పాట వినడు. పళ్ళెం ఎత్తి ఇరుసు చూస్తాడు.

"ఏంది పెద్దాయనా," అన్నాడు మస్తాన్. "అందరూ మిషను కొని చక్రం ఎతుక్కుంటారు. మీరు చక్రం జేబులో ఏసుకుని మిషను ఎతుకుతుండారే."

నాలుగోది చెక్క పెట్టె, రంగు పోయింది. బెల్టుది. చెయ్యి తేలిక. ఇరుసుకి నేను వదులైతే యోనా సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి నన్ను బిగించాడు. మస్తాన్ కొత్త ముల్లు వేసి, రికార్డు పెట్టి, మొహం చిట్లించాడు.

"స్లోగా పోతుండాది. సరిచేసిస్తా ఉండండి."

"సరిగ్గానే ఉండాది," అన్నాడు యోనా.

ఆరోజు మంగళవారం. ఇంట్లో ఫ్లోరా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను తిరిగాను. ఆమె చేతులు ఆగాయి. పాట పైకి పోయేచోటు వచ్చింది. సన్నగా, వణుకుతూ, ఆ గొంతు అక్కడ అందుకుంది. పాట అయిపోయాక పక్కనున్న ముసలాయనతో అంది.

"ఈ చక్రం కోసినోడికి కొలత రాదండీ."

"రాదు," అన్నాడు యోనా.

"శనివారం వస్తాడులే. గోడకానుకుని నిలబడతాడు, ఒక్క మాటా మాట్లాడడు." కాయలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఈసారి నేనే పిలస్తా."

శనివారం సాయంత్రం యోనా గడ్డం గీసుకున్నాడు.

"తెల్లచొక్కా ఏసుకుని ఏడకి నాయనా?" అంది సుగుణ.

"ఈడికే," అన్నాడు. రికార్డు పెట్టి, ముల్లు దించి, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

నేను పళ్ళెం కింద ఉంటాను. అక్కణ్ణుంచి తలుపు కనబడదు. రెండుసార్లు తట్టిన చప్పుడు వినబడింది. కాసేపటికి ఫ్లోరా కుర్చీ జరిగిన చప్పుడు కూడా వినబడింది. నేను నెమ్మదిగా తిరుగుతున్నాను.