నడవ ఆరేదాకా

కాజాలక్క స్టూలెక్కి గోడ గీకుతోంది. పాత సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి మెడ మీద, భుజాల మీద రాలుతోంది. తలకి తువ్వాలు చుట్టుకుంది గాని కనుబొమలు అప్పుడే తెల్లబడిపోయాయి. మామూలు సెలవు రోజయితే ఈపాటికి అన్నయ్య బట్టలు ఉతికి ఆరేసి, బియ్యం కడుగుతూ ఉండేది. ఈ రోజు ఆ పనులన్నీ తెల్లవారకముందే ముగించుకుని మరీ గోడ పట్టుకుంది. రంగు వేసుకోమన్నాడు గాని మిగతా పనులు మానుకోమని అన్నయ్య అనలేదు కదా.

చొక్కాలు కుట్టే యూనిట్‌లో ఆమె పని కాజాలు. చొక్కా ఒకరు కత్తిరిస్తారు, ఒకరు కుడతారు, ఇంకొకరు గుండీలు పెడతారు. గుండీ దూరే కంత మాత్రం ఆమెది. చేరిన కొత్తలో చేత్తో కుట్టేది, తర్వాత మిషను వచ్చింది. ఒక్క చొక్కా కూడా మొదటినుంచి చివరిదాకా కుట్టకుండానే జుట్టు నెరిసిపోయింది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ పనిపడదు.

ఇంట్లో ఆమెది ఈ నడవ. వీధి తలుపు తీయగానే మొదలై, వెనక ఉన్న అన్నయ్య గది దాకా, వంటింటి దాకా సాగుతుంది. ఇంట్లోకి రావాలన్నా పోవాలన్నా ఇదొక్కటే దారి. రెండు పక్కలా పక్కిళ్ల గోడలే కాబట్టి కిటికీ లేదు. పట్టపగలు కూడా బల్బు వేస్తే గాని కాళ్ల కింద ఏముందో కనపడదు. అందులోనే గోడ వారగా ఆమె మంచం, మంచం కింద ట్రంకు పెట్టె. అన్నయ్య ఇంటికి చేరాకే ఆమె పడుకోవాలి, ఆయన బయటికి కదలక ముందే లేవాలి. లేదంటే ఆయన మంచం కోడు తన్నుకుని, మంచాన్నీ ఆమెనీ కలిపి తిడతాడు.

వదిన పోయినప్పుడు, "పిల్లాడు బడిలో పడేదాకా ఉండమ్మా" అన్నాడు. పిల్లాడు బడిలో పడ్డాడు, మీసాలు మొలిపించుకున్నాడు, పెళ్లాడి వేరే కాపురం పెట్టాడు. ఉండమన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు, ఆమెతో సహా.

ఇప్పుడు యూనిట్ వేరే ఊరికి తరలిపోతోంది. వచ్చేవాళ్లకి ఇద్దరికో గది ఇస్తానన్నాడు యజమాని. మిషన్లు నిన్ననే వెళ్లిపోయాయి, మనుషుల వ్యాను ఈ సాయంత్రం. "నా గదిలోకే వచ్చెయ్. కిటికీ పక్క మంచం నీకే అట్టిపెడతా" అంది పక్కన కూర్చుని గుండీలు పెట్టే గుండీలక్క. కిటికీ అన్న మాట విన్నాక ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో కాజాలక్క చెవికెక్కలేదు.

అన్నయ్యతో చెబితే కోప్పడలేదు. కోప్పడితే ఎంత బాగుండేది! రెండు పూటలు మాట్లాడకుండా అన్నం తిని, మూడో పూట తీరిగ్గా చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు.

"నడవకి రంగు కావాలని ఎప్పణ్ణుంచో గోల పెడుతున్నావుగా. నీకిష్టమైంది తెచ్చి వేసుకో చెల్లాయ్. ఈ వయసులో కొత్త ఊళ్లెందుకు మనకి?"

ఆ ఇంట్లో ఆమె ఇష్టానికి చోటు దొరకడం అదే మొదలు. ఆమె పొంగిపోయింది. పొంగిపోయినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

అయినా రంగుల కొట్టుకి వెళ్లింది. వాళ్లిచ్చిన రంగుల అట్టలో నీలం ఎంతో బాగుంది. తెచ్చి నడవలో బల్బు కింద పెడితే బూడిదలా తేలింది. గులాబీ రంగు పుండు మానిన చోటులా ఉంది. ఆకుపచ్చ పెట్టి చూస్తుంటే అన్నయ్య అటుగా వెళ్తూ, "ఆస్పత్రి ఏమన్నా పెడుతున్నావా?" అన్నాడు. పని నుంచి రాగానే ఆ అట్టని గోడకి ఆనించి, మంచం మీద కూర్చుని చూసేది, పడుకుని చూసేది, వీధి తలుపు తీసి చూసేది. చివరికి అరటిపండు ఒలిస్తే లోపల కనిపించే రంగు దొరికింది. అదొక్కటే ఆ చీకట్లో కూడా మొహం మాడ్చుకోలేదు.

గీకడం అయ్యాక గోడలు తుడిచింది. మంచం, పెట్టె, పరుపు చుట్ట, తాడు మీద వేలాడే చీరలు అన్నీ పొద్దున్నే బయట మెట్ల పక్కకి చేర్చేసింది. రోలరు ముంచి మొదటిసారి పైకి లాగేసరికి గోడ ఒక్కసారిగా ముందుకొచ్చి పలకరించినట్టయింది. ఆమెకి నవ్వొచ్చింది. మధ్యాహ్నానికి రెండు గోడలూ అయిపోయాయి. చీకటి పూర్తిగా పోలేదు గాని, కాస్త సిగ్గుపడి మూలలకి జరిగింది.

అన్నయ్య భోజనం ముగించుకొచ్చి, నడుం మీద చేతులేసుకుని అటూ ఇటూ చూశాడు.

"భలే కుదిరిందే! ఇంక నీకేం, చచ్చేదాకా దిగుల్లేదు."

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె రోలరు పట్టుకుని మళ్లీ గోడ వైపు తిరిగింది.

అప్పుడే కనిపించింది మరక. మంచం వేసే చోట తలవైపు, కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, గిన్నె మూతంత గుండ్రంగా. రాత్రిళ్లు అన్నయ్య కోసం కూర్చుని గోడకి తల ఆన్చి ఆన్చి, ఏళ్ల తరబడి జుట్టు నూనె పీల్చిన చోటు అది. కొత్త రంగు ఆరుతున్నకొద్దీ లోపల్నుంచి పైకి తేలుతోంది. రుద్ది ఇంకో పూత వేసింది. ఆరాక మళ్లీ తేలింది. ఇంకో పూత వేసింది. నిదానంగా, ఏ తొందరా లేకుండా, మళ్లీ వచ్చింది. ఆమెకి భయమేసింది. ఎంత మంచి రంగు వేసుకున్నా తాను కూర్చునేది ఆ మరక దగ్గరే. రేపు రాత్రి మళ్లీ అక్కడే తల ఆనుతుంది. నడవ తనదైపోతే ఇంక నడవలోంచి బయటపడే దారేదీ?

"చెల్లాయ్!" గదిలోంచి అన్నయ్య. "అటక మీద ఎర్ర ఎనామిల్ డబ్బా ఉంది. పనిలో పని, నేలకి కూడా పట్టించెయ్."

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? సామానంతా తీసే ఉందిగా. రేపటికి ఆరిపోతుంది."

చెప్పి, తలుపు దగ్గరికి వేసుకుని నడుం వాల్చాడు.

నేల పని లోపలి నుంచి బయటికే చెయ్యాలి. తడి గుడ్డయినా, రంగయినా అంతే. అడుగులు పడకుండా వెనక్కి వెనక్కి జరుగుతూ రావాలి. చీపురు పట్టిన ఏ చేతికయినా అది తెలుసు. అన్నయ్య చెయ్యి చీపురు పట్టలేదు.

ఆమె డబ్బా దించి, కర్రతో కలిపి, అన్నయ్య గది గుమ్మం దగ్గర గొంతుకూర్చుంది. మొదటి పట్టీ ఆయన తలుపు వారనే లాగింది. తలుపు వెనక గురక. వంటింటి గుమ్మం దాటింది. మరక దగ్గరికి వచ్చాక దాన్ని చూడకుండా దాని ముందున్న నేల కానిచ్చింది. మోకాళ్లు పీకుతున్నాయి, ఎనామిల్ వాసనకి కళ్లలో నీళ్లు. ఎదురుగా ఎర్రగా, నున్నగా, నీళ్లు నిండిన కాలవలా నేల పొడుగవుతోంది. వెనక మడమలకి చల్లటి రాయి తగిలితే ఉలిక్కిపడి చూసింది. గడప. దాటి బయట మెట్టు మీద నిలబడి, వంగి చివరి పట్టీ కూడా లాగేసింది.

"అమ్మయ్య, బయటికొచ్చావా!" గుండీలక్క మెట్ల కింద నిలబడి ఉంది. చేతిలో కాగితపు కప్పు. "ఇంద, టీ తాగు. వ్యాను మలుపులో ఆగింది. పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేవు, మొహం చూడు ఎలా ఉందో."

కాజాలక్క కప్పు అందుకుంది గాని నోటిదాకా తీసుకెళ్లలేదు.

"నీ సామానంతా బయటే ఉందేంటే?" అంది గుండీలక్క.

కాజాలక్క తిరిగి చూసింది. నిజమే. లోపల తనదంటూ ఇంకేం లేదు.

అవతలి కొసన తలుపు కిర్రుమంది. అన్నయ్య కాలు బయట పెట్టబోయి, గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేంటి! నేనెలా రావాలి?"

"ఆరేదాకా రాలేవన్నయ్యా. రేపు పొద్దున్న."

"మరి నా టీ?"

"వంటిల్లు నీ పక్కనే కదా. గుమ్మంలోంచి గుమ్మంలోకి కాలు చాపితే అందుతుంది. పాలు కాచే ఉన్నాయి."

"రాత్రికి భోజనం?"

"అన్నం, కూర వండి పెట్టాను."

ఇంకో ప్రశ్న అడుగుతాడేమోనని ఆగింది. మరి నువ్వెక్కడ పడుకుంటావే అని. ఆ ఒక్కటి అడిగితే బహుశా ఆ మెట్టు మీదే రాత్రంతా కూర్చునేదేమో.

"సరే, ఆరాక వచ్చి గది ఊడ్చెయ్. సున్నం దుమ్మంతా లోపలికొచ్చింది" అన్నాడాయన.

"నేను వెళ్తున్నానన్నయ్యా. యూనిట్‌తో."

"ఎలా వెళ్తావే, నేలంతా తడిగా ఉంటే?"

"నేను బయటే ఉన్నాగా."

ఆయన ఒక కాలు ఎత్తాడు, ఎర్రటి నేల వంక చూశాడు, దించాడు. ఆ దూరం నుంచి, ఆ బల్బు వెలుతురులో, ఆయన కూడా చిన్నగా, అలిసిపోయినట్టు కనిపించాడు. కాజాలక్క చేతిలో కప్పు గడప మీద పెట్టి, ట్రంకు పెట్టెకి ఒక చెయ్యి వేసింది. రెండో వైపు గుండీలక్క పట్టుకుంది. పరుపు చుట్ట చంకలో పెట్టుకుని, చీరలు భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

మలుపులో వ్యాను బయల్దేరిన చప్పుడు వినిపించింది. లోపల్నుంచి "చెల్లాయ్" అన్న పిలుపు ఒకసారి గట్టిగా, ఇంకోసారి మెల్లిగా వచ్చింది. గడప మీద ముట్టని టీ చల్లారి మీగడ కట్టుకుంటోంది, కప్పు చుట్టూ ఎర్రటి వేలిముద్రలు ఇంకా తడిగానే ఉన్నాయి.