విరిగిన వంతెన దగ్గర ఆగిన ఆట

బజారులో అతన్ని అందరూ క్యాసెట్లాయన అనేవారు. ఎదురు కొట్టు బావది. ఆయన డిస్కులాయన. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే కొట్టు, ఒకే బల్ల. ఇతనిది వీడియో గేములు అమ్మే నోరు, అక్క మొగుడిది వాటిని బాగుచేసే చెయ్యి. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు షట్టరు సగం దించి, పక్కపక్కన కూర్చుని ఒకటే ఆట ఆడేవారు. ఏరోజుకారోజు ఎంతవరకు వచ్చారో క్యాసెట్లోనే దాచి లేచేవారు.

ఇంతలో డిస్కుతో నడిచే కొత్త మెషీన్ వచ్చింది. ఆటలు చవక, పాటలు కూడా వినొచ్చు, ఇక కాలం దీనిదే అన్నాడు బావ. క్యాసెట్ ఇలా పెడితే ఆట అలా మొదలవుతుంది, నీ డిస్కు తిరిగేలోపు పిల్లలు నిద్రపోతారు అన్నాడు ఇతను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇద్దరూ భీష్మించారు. మాటా మాటా పెరిగి కొట్టు రెండయింది. ఎక్కడో రెండు కంపెనీలు తలపడితే, ఇక్కడ అక్క పుట్టింటికి ఒంటరిగా రావడం మొదలుపెట్టింది.

గెలిచింది డిస్కే. ఆ గెలుపూ ఎన్నాళ్లో నిలవలేదు. ఇంకో కంపెనీ దిగింది, ఆపైన ఫోన్లు వచ్చి అందరి ఆటా కట్టించాయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది. ఇప్పుడు బావ కొట్టు నిండా ఫోన్ కవర్లే, ఇతని కొట్టులోనూ అవే.

ఒక్క క్యాసెట్ మాత్రం ఇతను ఎవరికీ అమ్మలేదు. సగంలో ఆగిన ఇద్దరి ఆట అందులో ఉంది. పొరపాటున చెరిగిపోతుందేమోనని మెషీన్లో పెట్టనైనా పెట్టలేదు. బావ ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుని ఆ ఆట పూర్తిచేస్తే చాలని ఇరవై ఏళ్లుగా మనసు కొట్టుకుంటూనే ఉంది. మధ్యలో ఉన్నది ఇరవై అడుగుల రోడ్డు. అభిమానం అడ్డొచ్చి దాటలేకపోయాడు.

ఈ నెలాఖరుకు బావ కొట్టు ఎత్తేస్తున్నాడని అక్క చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఇతను ఆ క్యాసెట్ జేబులో వేసుకుని, పాత మెషీన్ చంకన పెట్టుకుని రోడ్డు దాటాడు.

బావ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు. ఇంకో స్టూలు లాగాడు, వైర్లు కొట్టులోని టీవీకి తగిలించాడు, క్యాసెట్ అంచు గుడ్డతో తుడిచి లోపల పెట్టాడు. తెర వెలిగింది. దాచిన ఆటలుండే మూడు గళ్లూ ఖాళీగా ఉన్నాయి.

"దాచిన ఆటను నిలబెట్టేది లోపలి బిళ్ల బ్యాటరీయే కదరా," అన్నాడు బావ మెల్లగా. "ఆడినా ఆడకపోయినా అయిపోతుంది."

అతనికి తెలియని ముక్కా అది? బ్యాటరీ పదేళ్లు వస్తుంది, ఆలోపు మార్పించుకోండని కొన్నవాళ్లందరికీ తానే చెప్పేవాడు. తన క్యాసెట్‌కూ అది వర్తిస్తుందని ఒక్కనాడూ తోచలేదు. వైరు పీకబోతూ లేచాడు.

బావ ఆ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తెర వైపే చూస్తూ, "ఎక్కడ ఆపాం?" అన్నాడు.

"విరిగిన వంతెన దగ్గర, బావా. నీకు రెండు లైఫులే మిగిలాయి."

"మూడు," అన్నాడు బావ.