పదిహేడో శనివారం

గిర్నీలో కారం పట్టించుకుని ఇంటికొచ్చిన అనసూయ డబ్బా కింద పెట్టకముందే కిటికీ వైపు చూసింది. రోజూ ఆమె చూపు మొదట పోయేది అటే. కిటికీ గట్టు మీద ఆమె చేసిన చీమల గూడు, దాని మీద ఎర్ర కాగితం అంటించిన అద్దం. ఇవాళ ఆ అద్దం పక్కకు జరిపి ఉంది. దానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. గూట్లో చీమలు తిరిగే చోట గుప్పెడు చక్కెర కుప్ప పోసి ఉంది.

తొమ్మిది చీమల్లో ఎనిమిది వెల్లకిలా పడి ఉన్నాయి. కొన్నిటి కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. అనసూయ వంగి చక్కెర వాసన చూసింది. అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వాసన ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది? ఇరవయ్యేడేళ్లుగా మొగుడి పంచెలు ఉతుకుతున్నది ఆమే కదా.

మొగుడు సారంగపాణికి వరంగల్ చౌరస్తా దగ్గర బెల్లం దుకాణం. బెల్లం ఉన్నచోటికి చీమలు రాకుండా ఉంటాయా? వాళ్ల నాన్న కాలం నుంచీ పొద్దున షట్టరు ఎత్తగానే మొదటి పని, చీమల మందు డబ్బా తీసి బస్తాల చుట్టూ చేత్తో చల్లడం. చేత్తోనే. చెంచా పెట్టండి మహానుభావా అని అనసూయ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. వింటేనా! చెంచాతో చల్లితే సమంగా పడదట. చల్లిన చేయి పంచెకు తుడుచుకుని, అదే చేత్తో చాయ్ తాగుతాడు. ఇన్నేళ్లూ తనకేమైంది అని ఎదురు అడుగుతాడు.

చీమలంటే అనసూయకూ మొదట్లో ప్రేమేమీ లేదు. జూన్‌లో తొలి వాన వెలిసిన సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే, రెక్కలున్న గండుచీమ ఒకటి పిట్టగోడ మీద పడింది. చూస్తుండగానే తన రెక్కల్ని తనే కాళ్లతో తోసి విరిచేసుకుంది. విరుచుకుని, ఇక ఎగిరే పనే లేదన్నట్టు బిరబిరా నడిచింది. అనసూయ దాని మీద గ్లాసు బోర్లించి పట్టుకుంది. ఫోన్లో వీడియోలు చూస్తే అది రాణి అని తెలిసింది. సన్నటి గాజు గొట్టం సంపాదించి, అడుగున నీళ్లు పోసి, నీళ్లకు అడ్డంగా దూది కుక్కి, రాణిని వదిలి, మూతికి మళ్లీ దూది పెట్టి, చీకటిగా ఉంటుందని బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది.

ఆ రాణి నలభై రోజులకు పైగా నోట్లో మెతుకు లేకుండా, తన ఒంట్లోని బలమే పిల్లలకు పెట్టి, ఒక్కతే పెంచింది. మొదటి చీమ తన పైపొర చీల్చుకుని లేచి నిలబడ్డ రోజు అనసూయ సంబరంలో పప్పు మాడ్చింది. సారంగపాణికి పప్పు మాడటమే కనబడింది. బెల్లం దుకాణపోని పెండ్లాం ఇంట్లో చీమలు సాదుతాందని బజారంతా చెప్పుకుని నవ్వాడు. ఆ నవ్వును ఆమె దిగమింగింది. ఈ ఇంట్లో దిగమింగినవి చాలా ఉన్నాయి, అది ఒక లెక్కా?

చీమలు తొమ్మిదయ్యాక గొట్టం ఇరుకైపోయింది. మడికొండలో తమ్ముడు ఇల్లు కట్టిస్తున్నాడు, అక్కడి నుంచి తెల్లటి తేలిక ఇటుక ముక్క తెచ్చుకుంది. పాత చెంచా, స్క్రూడ్రైవరు పెట్టి మూడు వారాలు తొలిచింది. నాలుగు గదులు, మధ్యలో సన్నని దారి, గూటికి తేమ పట్టడానికి మూలన నీళ్ల గుంట. అరచేతులు బొబ్బలెక్కాయి. ఫోటోల ఫ్రేములు కట్టే షాపుకు పోయి చిన్న అద్దం కోయమంటే, ఏ దేవుడి పటానికమ్మా అని అడిగాడు వాడు. ఎర్ర వెలుతురు చీమలకు చీకటిగానే ఉంటుందని అద్దానికి పలచటి ఎర్ర కాగితం అంటించింది. గొట్టాన్ని గూటికి ఆనిస్తే చీమలు దిగాయి; రాణి అందరికంటే చివర, నెమ్మదిగా, లోపలి గదిలోకి నడిచి వెళ్లింది. ఇల్లు సారంగపాణిది, దుకాణం సారంగపాణిది, వంటింట్లో గిన్నెల మీద కూడా ఆయన పేరే. ఇదొక్కటి మాత్రం తనది అనుకుంది అనసూయ.

రాణి దొరికిన రోజుల్లోనే సారంగపాణికి ఏలినాటి శని పట్టుకుంది. పంతులు పంతొమ్మిది శనివారాలు నల్లచీమలకు చక్కెర పెట్టమన్నాడు, ఒక్క వారం తప్పినా మళ్లీ మొదటి నుంచి. పొద్దున దుకాణంలో చీమలకు మందు, తర్వాత సందు మూల వేపచెట్టు కింద చీమలకు చక్కెర. పదహారు వారాలు నడిపించాడు. ఆ పెద్దమనిషికి అందులో వింతేమీ కనబడలేదు.

అనసూయ రాణి కోసం లోపలి గదిలోకి చూసింది. రాణి నిలబడే ఉంది. తొమ్మిదో చీమ తూలుతూ దాని దగ్గరికి పోతోంది. కడుపు నిండా ఆ మందు చక్కెర తిని, రాణి నోటికి అందించడానికి పోతోంది. చీమలకు అదే పద్ధతి, తిన్నది తల్లికి పెట్టాలి. మూతి మూతి తాకబోతుండగా అనసూయ దూదిపుల్లతో ఆ చీమను లాగింది, గోటితో నలిపేసింది. రాణిని వేరే గొట్టంలోకి ఎక్కించి బీరువాలో పెట్టింది. తర్వాత గూటిని చక్కెరతో సహా ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, చౌరస్తా దాకా నడిచింది.

దుకాణంలో ముగ్గురు నలుగురు గిరాకీలున్నారు. లోపల మొగిలి బస్తా కుడుతున్నాడు. ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న మనిషి. సారంగపాణి గద్దె మీద కూర్చుని బెల్లం తూస్తున్నాడు. అనసూయ గూటిని తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది.

"ఏ చేతితోని పోసిండ్రు?"

ఆయనకు అర్థం కాలేదు. మూడు రోజులుగా వానలాయె, వేపచెట్టు కింద ఒక్క చీమ లేకపాయె, వారం తప్పితే ఎట్ల అని చెప్పుకొచ్చాడు. మొగిలిని వీధంతా వెతకమన్నాడట. ఈ వీధిలో చీమలెక్కడివి సేటూ, మనమే మందు కొట్టి ఖతం చేస్తిమి గదా అన్నాడట మొగిలి. అప్పుడు ఇంట్లో చీమలు గుర్తుకొచ్చి, దేవుడే దారి చూపిండనుకుని ఉరికాడట. పసుపు కుంకుమ కూడా పెట్టానని కాస్త గర్వంగానే చెప్పాడు.

"ఆ చెయ్యి ముక్కుకాడ పెట్టుకొని చూడుండ్రి."

గిరాకీలు చూస్తున్నారు. సారంగపాణి కుడిచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చేయి దించి పంచెకు తుడవబోయి, ఆగాడు. చీమలే కదనే, ఇంకో రాణిని పట్టించి తెప్పిస్తానని గొణిగాడు.

"మీరు ఎనిమిదింటిని సంపిండ్రు," అంది అనసూయ. "తొమ్మిదోదాన్ని నాతోని సంపిచ్చిండ్రు. నేను అడిగిన్నా మిమ్మల్ని నా చీమలకు బువ్వ పెట్టుమని? నాదని ఒక్కటి ఉంటే, దాని మూత తియ్యకుంట ఉండలేకపోతిరి గదా!"

గూడు మందు పీల్చుకుంది, ఇక దేనికీ పనికిరాదు. అనసూయ బెల్లం కొట్టే సుత్తి తీసుకుంది. మూడు వారాలు తొలిచిన నాలుగు గదులనూ గద్దె ముందే నాలుగు దెబ్బలతో పొడి చేసింది. మొగిలి తల దించుకున్నాడు. తర్వాత ఆమె మందు డబ్బా తీసి కొంగుకింద పెట్టుకుంది. సారంగపాణి లేచి నిలబడ్డాడు. ఇంకా రెండు వారాలు మిగిలే ఉన్నాయి, మొక్కు ఎట్లనే అన్నాడు బతిమాలుతున్నట్టు.

"ఈ రెండు వారాలు చీమలకు ఏం పెట్టకుండ్రి. సంపకుండ ఉండుండ్రి, చాలు."

డబ్బాను ఇంటికి తెచ్చి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి బొడ్డున దోపుకుంది. ఆ రెండు వారాలూ ఆయన అడగలేదు. అడిగే మొహం ఉంటే కదా!

పంతొమ్మిదో శనివారం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి అనసూయ దుకాణానికి పోయింది. గోడ పగుల్లోంచి చీమల బారు దిగి బస్తాల మీదికి ఎక్కుతోంది. సారంగపాణి పంచె ఎగ్గట్టి, బెల్లం ముద్దను చేతిలో పట్టుకుని, ఒక్కొక్క చీమనూ నోటితో ఊదుతున్నాడు. ఊది ఊది మొహం ఎర్రబడింది. పొద్దుటి నుంచీ ఇదే పనని మొగిలి చెప్పాడు.

అనసూయకు నవ్వు రాలేదు. టిఫిన్ డబ్బా గద్దె మీద పెట్టి వెనుతిరిగింది. సారంగపాణి ముద్ద దించి, చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకోకుండా నీళ్లు కారుతున్న చేతులతోనే ఆమె వెనక మెట్ల దాకా వచ్చాడు.

"అనసూయా, రాణి గుడ్లు పెట్టిందానే?"

ఆమె ఆగి, ఆయన చేతుల వంక చూసింది.

"పెట్టింది," అంది. "మీకు మాత్రం చూపియ్య."