మజ్జిగకు వచ్చిన మహారాజు

ఆదివారం తెల్లారేసరికి రామక్క మల్బరీ ఆకు కోసుకొచ్చి, తరిగి, పట్టుపురుగుల తట్టల్లో చల్లేది. పురుగులు ఆకు తినే చప్పుడు పెంకుల మీద వాన కురిసినట్టు వినబడేది. కొత్తగా వచ్చిన చుట్టాలు గొడుగు పట్టుకుని బయటికి పోయి, ఎండను చూసి, నోరు మూసుకుని తిరిగొచ్చేవాళ్ళు. ఆ పని ముగించి, చేతులు కడుక్కుని, నడింట్లో టీవీ ముందర చాపలు పరిచేది. అప్పటికే సగం ఊరు వాకిట్లో కూర్చుని ఉండేది.

పుంగనూరు నుంచి సోమలకు పోయే దోవలో ఉన్న ఆ పల్లెకంతా అదొక్కటే టీవీ. రామక్క తను పండించిన పట్టుగూళ్ళు మదనపల్లెలో అమ్మి, అట్నుంచి అటే టీవీ కొని, బస్సులో చంటిబిడ్డ మాదిరి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. దాని ఆంటెన్నా ఎంత పొడుగంటే, పైన వాలిన కాకులకు బెంగుళూరు కనబడేది. కొన్ని అటే ఎగిరిపోయి మళ్ళీ రాలేదు.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. ఆదివారం పొద్దున ఒక సీరియల్ వచ్చేది. ఒక ముసలి మహారాజు, ఇద్దరు కొడుకులు, ఒకటే సింహాసనం. పెద్ద కొడుక్కు రెక్కల గుర్రాలు ఉండేవి. చిన్న కొడుకు పక్కన ఒక మంత్రగత్తె. ఆమె దగ్గితే మంచు పడేది. మాటలన్నీ హిందీ. ఊళ్ళో ఒక్కరికీ హిందీ రాదు. అయితేనేం, అన్నదమ్ముల కొట్లాట ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

మధ్యలో సబ్బుల అడ్వటైజ్‌మెంట్లు వచ్చినప్పుడు సీరియల్లో వాళ్ళందరూ టీవీలోంచి దిగి బయటికి వచ్చేవాళ్ళు. ఆ కాసేపు వాళ్ళకు మాత్రం లోపల పనేముంటుంది? సైనికులు కానుగ చెట్టు కింద కాళ్ళు బారజాపేవాళ్ళు. రెక్కల గుర్రాలు వేసిన పేడను పక్కింటి కాంతమ్మ గంపకెత్తి తన దిబ్బలో వేసుకునేది. ఆ ఎరువుకు ఆమె గుమ్మడికాయలు ఇంతింతై, ఒక్కొక్కదాన్ని ఎద్దులబండి కట్టి ఇంటికి తోలుకురావాల్సి వచ్చేది.

అట్లా దిగి వచ్చినవాళ్ళకు, పట్టుపురుగుల తట్టలుండే పురుగులిల్లంటే ఇష్టం. ఊరంతా ఎండ నిప్పులు చెరుగుతున్నా ఆ గది చల్లగా ఉంటుంది. కానీ దాని గడప దాటాలంటే రామక్క ఒప్పుకోవాలి. మొదటిసారి సేనాధిపతి బూట్లతో రాబోతే అడ్డంగా నిలబడింది.

"ఆడ ఇడిసి రా నాయినా. చెప్పుకాలు పడితే నా పురుగులకు రోగమొస్తాది."

ఏనుగును తోక పట్టి ఆపినవాడు, వంగి బూట్లు విప్పాడు. అత్తరు పూసుకొచ్చిన పెద్దరాణిని, వాసన పురుగులకు పడదని, నీళ్ళ గాబు దగ్గరికి తీసుకుపోయి చేతులూ మెడా కడిగించింది. చివరికి మహారాజు కూడా రత్నాల చెప్పులు గోడవారన వదిలి, వేళ్ళమీద నడిచి లోపలికి వెళ్ళేవాడు. ఆయన రాజ్యంలో ఆయన మాట ఎవరూ వినరు. ఇక్కడ ఒక ఆడమనిషి మెల్లగా అంటే మొత్తం సైన్యం వట్టికాళ్ళతో నిలబడుతోంది. మహారాజు అది చూస్తూ ఉండేవాడు.

రామక్క నాయన రెడ్డెప్పకూ ఆయనకూ స్నేహం. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, రామక్క తెచ్చిచ్చిన మజ్జిగ తాగుతూ ఎవరి భాషలో వాళ్ళు కొడుకులను తిట్టుకునేవాళ్ళు.

"పెద్దోడు గంగులప్ప. మల్బరీ పెరికేసి టమోటా పెడతానంటాడు. చిన్నోడు బాలప్ప. బావితో సహా అమ్మేసి మదనపల్లెలో వీడియో అంగడి పెడతానంటాడు. నీవాళ్ళు ఎట్లుండారప్పా?"

మహారాజు హిందీలో ఏదో పొడుగ్గా చెప్పి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుకు ఎండుతున్న ఒడియాలు ఎగిరిపోయేవి.

"అంతేలే," అనేవాడు రెడ్డెప్ప.

కాంతమ్మ ఊరుకునేది కాదు. "రెడ్డెప్పన్నా, నీ తర్వాత ఇంటికి పెద్ద ఎవరో ఇప్పుడే చెప్పేయరాదా?"

"సూద్దాంలేమ్మా."

"ఈ రాజు కూడా సూద్దాం సూద్దాం అనే అంటాండాడు. టీవీలో సూడు, వారానికెన్ని పీనుగులు లేస్తాండాయో!"

అన్నదమ్ములు పోట్లాడుకోని విషయం ఒక్కటే. బావి ఎవరిదైనా సరే, రామక్క మాత్రం కుప్పంలో చిన్నాయన ఇంటికి పోవాలి. పెండ్లయిన ఏడాదికే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, ఎక్కడైనా ఒకటే కదా అన్నారు. ఆ చిన్నాయన ఇంట్లో పొయ్యి గ్రహణం నాడు తప్ప ఆరదు. తినేవాళ్ళు లేవకముందే మళ్ళీ తినేవాళ్ళు కూర్చుంటారు. అక్కడ వంటకు మనిషి కావాలి. రామక్కను ఎవరూ అడగలేదు. ఆమె మల్బరీ చెట్ల మధ్యకు పోయి, కోయడానికి ఆకు లేని కొమ్మల దగ్గర కూడా చాలాసేపు నిలబడేది.

పంట చేతికొచ్చే కాలంలో రెడ్డెప్ప పోయాడు. ఎవరు పెద్దో చెప్పకుండానే పోయాడు.

కర్మాంతరం ఆదివారమే పడింది. ఆ రోజు చచ్చిపోయినవాడి స్థానంలో ఒకరికి పాగా కడతారు. మేనమామ కొత్త గుడ్డ తెచ్చి కడితే, చుట్టూ ఉన్నవాళ్ళు బియ్యం చల్లుతారు. బియ్యం పడిందంటే ఆ తల ఇంటికి పెద్దతల. బావి, భూమి, మాట అన్నీ ఆ తలవే. ఆ తల పోయేదాకా ఇంకొకరికి కట్టరు. వెంకటగిరికోట నుంచి మేనమామ చెంగయ్య తెల్లపాగా పళ్ళెంలో పెట్టుకుని వచ్చాడు.

"ఈ పొద్దు టీవీ వద్దు," అన్నాడు గంగులప్ప.

"అట్లయితే మేమూ వద్దా?" అని ఊరు లేచింది. బియ్యం చల్లేవాళ్ళు లేకపోతే ఎట్లా? సౌండు తగ్గించి టీవీ పెట్టారు.

సబ్బుల అడ్వటైజ్‌మెంటు రాగానే మహారాజు ఒక్కడే దిగి వచ్చాడు. అరుగు మీద ఎవరూ లేరు. గోడకు రెడ్డెప్ప ఫోటో, దానికి దండ. ఆయన కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు. రామక్క మజ్జిగ తెచ్చిచ్చి, పురుగులకు ఆకు వేసే వేళయిందని లోపలికి పోయింది.

అంతలో కరెంటు పోయింది. కరెంటు పోతే బయటున్నవాళ్ళు బయటే. మహారాజు ఆగిపోయాడు.

నడింట్లో పీట వేశారు. గంగులప్ప వచ్చి కూర్చున్నాడు. బాలప్ప పక్కనుంచి జరిగి జరిగి సగం పీట ఎక్కాడు.

"లెయ్ రా. పెద్దోణ్ణి నేను."

"నీకు కడితే తోటంతా టమోటా అయిపోతాది. మామా, కట్టు నాకు!"

"ఈడికి కడితే రేపు బావి ఉండదు మామా!"

ఇద్దరూ తోసుకునే తోపుడుకు గోడమీది క్యాలెండరు రెండు నెలలు ముందుకు తిరిగింది. చెంగయ్య పాగా పట్టుకుని ఈ తల మీదికీ ఆ తల మీదికీ చూస్తూ ఉన్నాడు.

మహారాజు అంతా చూశాడు. పళ్ళెం, గుడ్డ, బియ్యం, కొట్లాడే కొడుకులు. ఇది ఆయనకు తెలిసిన పనే. తన ఇంట్లో చేయలేకపోయిన పని. నేరుగా వచ్చి చెంగయ్య చేతిలోంచి పాగా తీసుకున్నాడు. ఆయనకు తెలిసినంతలో ఈ ఇంటిని ఏలేది ఎవరి మాటకు సేనాధిపతులు బూట్లు విప్పుతారో ఆ మనిషే. పురుగులింటి గడప దగ్గర తన రత్నాల చెప్పులు వదిలి, అప్పుడే మిగిలిన ఆకు చేతిలో పట్టుకుని బయటికి వస్తున్న రామక్క తలకు, రాజులు కట్టే పద్ధతిలో, చెవి పక్కన మడత వచ్చేట్టు బిగించి కట్టేశాడు.

గుప్పిట్లో బియ్యముండి, ఎదురుగా తలమీద పాగా కనబడితే చెయ్యి ఆగదు. ఊరంతా ఒక్కసారి చల్లింది. రామక్క మోకాళ్ళదాకా బియ్యంలో మునిగింది.



"తీసెయ్ అక్కా దాన్ని!" అని గంగులప్ప లేచాడు.

"తాకద్దు రా," అన్నాడు చెంగయ్య.

"కట్టింది నువ్వు కాదు కదా మామా! ఆయనెవరో యాడోడు!"

"ఎవురు కడితేనేం, బియ్యం పడింది. నువ్వు ఏరి ఎవరి గుప్పెడు వాళ్ళకిస్తావా?"

"నేనైతే దోసిలి నిండా ఏసినా," అంది కాంతమ్మ. "నాది వెనక్కి తీసుకోను."

బాలప్ప ఇంకా సగం పీట మీదే కూర్చుని ఉన్నాడు. "ఆడమనిషికి పాగా యాడన్నా కడతారా మామా?"

"కట్టినారు కదరా, ఈడ."

రామక్క పాగాను చేత్తో ఒకసారి తడిమి చూసుకుంది. తీయలేదు.

కరెంటు వచ్చింది. మహారాజు రత్నాల చెప్పులు తొడుక్కుని తన యుద్ధంలోకి తాను వెళ్ళిపోయాడు. అక్కడ ఆ కొట్లాట ఇంకో ఏడాది నడిచి, సింహాసనం ఎవరికీ దక్కకుండానే సీరియల్ అయిపోయింది. కుప్పంలో చిన్నాయన వంటమనిషి కోసం దోవ చూసి చూసి, చివరికి తనే పప్పు గుత్తి పట్టాడు.

మరుసటి పొద్దున అన్నదమ్ములిద్దరూ బావి దగ్గర మోటరు ముందర నిలబడి ఉన్నారు. స్విచ్చి మీద ఎవరూ చెయ్యి వేయలేదు. రామక్క పాగాతోనే వచ్చింది.

గంగులప్ప గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నీళ్ళు యాడికి కట్టమంటావు?"

"ముందర మల్బరీకి. మిగిలింది ఆ మూల మడికి. దాంట్లో నీ టమోటా పెట్టుకో."

"మరి నాకు?" అన్నాడు బాలప్ప.

"నువ్వు పార పట్టుకోప్పా. గట్టు తెగుతాంది, సూడు."

బాలప్ప పుట్టి బుద్ధెరిగి పార పట్టినవాడు కాదు. చేతులవంక చూసుకున్నాడు, అక్క తలవంక చూశాడు, చెప్పులు విడిచి కాలవలోకి దిగాడు.