హెచ్చరిక రాని తెర

నవంబరు పద్నాలుగున మధ్యాహ్నం ఆయన తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం అత్తగారు తిన్నారు, ఆసుపత్రి మంచం మీద కూర్చుని.

"నాకు పెట్టి నువ్వు కడుపు మాడ్చుకుంటే, మా అమ్మాయి పైనుంచి నన్నే తిడుతుంది నాయనా," అని నవ్వారు.

భార్య పోయాక ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. ఇప్పుడు ఆవిడకి కాలికి చీముపట్టి ఒకటే జ్వరం.

ఆ ఆసుపత్రిలో వాడే మందుల కంప్యూటర్ ప్రోగ్రాం ఆయన పనిచేసే కంపెనీదే. రోగికి పడని మందు ఎంచుకుంటే తెర మీద హెచ్చరిక వస్తుంది. ప్రోగ్రాం లోపల ఉండేది వట్టి గుర్తు; అసలు వాక్యం అనువాదాల ఫైలులో ఉంటుంది. నర్సులు ఎవరి భాషలో వాళ్ళు చదువుకోవాలని ఆ పద్ధతి పెట్టింది ఆయనే.

సాయంత్రం సూది మందు వేయబోతూ సిస్టర్ ఆగింది. ఆ వార్డుకి ఉదయమే కొత్త కంప్యూటర్లు వచ్చాయి.

"సార్, ఈ 'హె-17' ఏంటి? కింద 'సరే' నొక్కమంటోంది."

ఆయన లేచి తెర చూశాడు. వట్టి గుర్తే ఉంది, హెచ్చరిక వాక్యం రాలేదు.

"నొక్కకమ్మా! ఆ మందు ఆవిడకి పడదు. ఇదివరకు అది వేస్తే ఊపిరాడక చచ్చి బతికారు."

"నేనెందుకు నొక్కుతాను? అర్థం కాకుండా సరే అన్నది పెళ్ళిచూపుల్లో ఒక్కసారే. చాలు." సిరంజి ట్రేలో పెట్టేసింది.

సిస్టర్ చేతికి మనసులోనే దండం పెట్టుకున్నాడు. కానీ పక్క వార్డుల్లోనూ అవే కంప్యూటర్లు. అక్కడి చేతులు ఆగుతాయా?

సిస్టర్ పక్క వార్డులకి కంప్యూటర్‌ని నమ్మొద్దని ఫోన్లు చేస్తూంటే, ఆయన ఆఫీసులో 'మూటల మేస్త్రి'కి చేశాడు. ఒక్కో రకం కంప్యూటర్‌కి ప్రోగ్రాంని మూటకట్టి పంపేది అతనే.

"ఒరేయ్ మేస్త్రీ, కొత్తవాటి మూటలో, గుర్తుకి వాక్యం వెతికిచ్చే అనువాదాల లైబ్రరీ వేశావా?"

"వేయకపోతే ఎలా గురూ? పాతవాటిలో అది లేక ఎంత ఏడిపించిందో మర్చిపోయావా?"

"ఈ కంప్యూటర్లలో అది ముందే ఉందిరా, ఇప్పుడే చూశాను. ఇప్పుడు రెండు కాపీలయ్యాయి. అనువాదాల ఫైలు ఎక్కడుందో ఒకదానికి చెబుతున్నాం, వాక్యం రెండోదాన్ని అడుగుతున్నాం. అది మనమిచ్చిన గుర్తునే తిరిగి మొహాన కొడుతోంది."

"కొంప మునిగింది. మా దగ్గర బాగానే వచ్చిందే!"

"దేని మీద చూశావ్?"

"పాతదాని మీదే. కొత్తది మనకెవడిచ్చాడు?"

కొత్తవాటి మూటలోంచి తాము వేసిన లైబ్రరీ కాపీ తీసేసి మేస్త్రి మళ్ళీ పంపాడు. ఈసారి ప్రోగ్రాం తెరుచుకోనేలేదు.

"ప్రింటు తీసే భాగం మన కాపీనే వెతుకుతోంది గురూ. దాన్నీ మార్చి కడతా, ఉండు."

ఎలా ఉండడం? పక్క వార్డుల నుంచి ఫోన్ మోగినప్పుడల్లా ఆయనే ముందు అందుకున్నాడు. ప్రతిసారీ అవతలివాళ్ళు అడిగింది ఒక్కటే: "ఇంకెంతసేపు? కాగితాలు చూసే మందులిస్తున్నాం." ఆ మాటకే ఆయనకి కాస్త ఊపిరొచ్చేది.

మూడో మూట తెరుచుకుంది. సిస్టర్ అదే మందు మళ్ళీ ఎంచుకుని, తెర మీద వచ్చింది పైకి చదివింది: "ఆగండి. ఈ రోగికి ఈ మందు పడదు."

ఆయన కొత్త కంప్యూటర్లున్న ప్రతి వార్డుకీ వెళ్ళి, ఆ వాక్యం కళ్ళారా చూశాకే వెనక్కి వచ్చాడు.

డాక్టరు వేరే మందు రాశారట. అత్తగారికి జ్వరం తగ్గింది, నిద్రపోతున్నారు. ఆయన దుప్పటి సర్ది వరండాలోకి వచ్చాడు. సిస్టర్ దీపం తగ్గించి, చప్పుడు కాకుండా వార్డు తలుపు దగ్గరికి వేసింది.